ఆరోగ్యం పేరున కట్టుకున్న మడి

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో మీ ఆదివారం అనుబంధంలో, బరువు తగ్గి పదిమందికీ ఆదర్శంగా నిలిచిందంటూ ఒక యువతి గురించి కథనం ప్రచురించారు. ఇన్ని రోజుల్లో ఇన్ని కిలోలు అని పెద్ద అక్షరాల శీర్షిక, దాని కింద 'అప్పుడు', 'ఇప్పుడు' అని రెండు ఫొటోలు, ఆ పక్కనే ఆమె ఏ పూట ఏం తింటుందో, ఏం ముట్టదో గ్రాములతో సహా తెలిపే పట్టిక ఉన్నాయి. ఆ యువతి మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఆమె ఆరోగ్యంగా ఉండాలనే కోరుకుంటాను. కాకపోతే సరిగ్గా అలాంటి పట్టికనే వేరొక పత్రిక నుంచి కత్తిరించి మా అమ్మాయి తన హాస్టల్ గదిలో అల్మరా తలుపుకు లోపలివైపు అంటించుకుంది. ఆమెను ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజున, గది ఖాళీ చేయడానికి వెళ్లినప్పుడు దాన్ని చూశాను. అందులోని ప్రతి అంకెనూ ఎర్ర సిరాతో కొట్టేసి, అంతకంటే తక్కువ అంకె పక్కన రాసుకుంది.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇరవై రెండేళ్లుగా జంతుశాస్త్రం బోధిస్తున్నాను. ఏ పోషకం లోపిస్తే ఏ జబ్బు వస్తుందో పిల్లల చేత వరుసగా అప్పజెప్పించుకునే నేను, నా ఇంట్లో నా బిడ్డ దేహం కరిగిపోతుంటే దాదాపు రెండేళ్లపాటు గుర్తించలేదు. గుర్తించకపోవడం అటుంచి, మెచ్చుకున్నాను. స్టాఫ్ రూములో తోటి అధ్యాపకులకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఈ కాలం పిల్లలు పిజ్జాల కోసం ఎగబడుతుంటే మా అమ్మాయి ఎంత క్రమశిక్షణగా ఉందో చూడండి అని ఫొటోలు చూపించాను.

ఆమె మొదట చక్కెర మానేసింది. వాళ్ల నాన్నగారికీ, నాయనమ్మకూ షుగర్ ఉంది గనుక మంచి పనే చేసిందనుకున్నాం. తర్వాత నూనె మానేసింది. ఆ ఏడాది, అంటే 2023లో, అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అని ఊరంతా కొర్రలు, అండుకొర్రలు, సామల మాటే నడుస్తుండగా తెల్లన్నం మానేసింది. కొన్నాళ్లకు పాలూ పెరుగూ పోయాయి, ఆ వెనక పప్పు పోయింది, పళ్లలో కూడా చక్కెరే కదా అని పళ్లు పోయాయి. ఒక్కొక్కటి వదిలినప్పుడల్లా ఆమె దగ్గర ఒక కారణం ఉండేది. ఆ కారణంలో సగం నిజం ఉండేది. ఆ సగం నిజాన్ని చెప్పిన వీడియో ఒకటి ఉండేది. మన రెండు రాష్ట్రాల్లో గత పదేళ్లలో ఒక గాలి వీచిన ప్రతిసారీ ఒక పదార్థం విషమైంది, మరొకటి అమృతమైంది. ఒకసారి ఉప్పూ నూనే శత్రువులు, ఒకసారి అన్నం శత్రువు, కొబ్బరినూనె తాగమన్నది ఒకరైతే, పాలు తాగొద్దన్నది మరొకరు. పెద్దవాళ్లం ఒక నెల పాటించి, విసుగొచ్చి, ఆవకాయ కలుపుకుని మామూలు అన్నానికి వచ్చేస్తాం. మా అమ్మాయి వాటిలో దేన్నీ వదిలిపెట్టలేదు. అన్ని గురువుల నిషేధాలనూ కలిపి పాటించింది. చివరకు ఆమె నమ్మి తినగలిగిన ఆహారం పళ్లెంలో ఒక మూలకు సరిపోయేంతే మిగిలింది.

దీన్ని పోలిన స్థితికి అమెరికా వైద్యుడు స్టీవెన్ బ్రాట్‌మన్ 1997లో ఆర్థోరెక్సియా అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'ఆర్థోస్' అంటే సరైనది, 'ఓరెక్సిస్' అంటే ఆకలి. ఆయన అంతకు చాలా ఏళ్ల ముందు ఒక సామూహిక క్షేత్రంలో ఉండి సేంద్రియ సేద్యం, వంట చేసేవారట. నేలలోంచి తీసి పావుగంట దాటిన కూరగాయను ముట్టేవారు కాదట, ప్రతి ముద్దనూ యాభైసార్లు నమిలేవారట, ఒంటరిగానే తినేవారట. తన అనుభవంలోంచే ఆయన ఆ మాటను తీశారు. తెలుగులో దానికి మాట ఉందా అని ఆలోచిస్తే నాకు 'మడి' తప్ప మరొకటి తోచలేదు. మా అత్తగారు మడి కట్టుకుని వంట చేసేవారు, ఆ గంటా రెండు గంటలూ ఎవరూ ఆమెను తాకకూడదు. కానీ వంట ముగిసి, అందరికీ వడ్డించి, తానూ తిన్నాక ఆ మడిబట్ట దండెం మీదకు చేరేది. మనవరాలు కట్టుకున్న మడి రాత్రి నిద్రలో కూడా విడిచేది కాదు. పక్కింటివాళ్లు పంపిన పులిహోర గిన్నె వంటగట్టు మీద పెడితే ఆ గట్టును తుడిచేది. ఎవరు వండారో, ఎంత నూనె పోశారో తన కళ్లతో చూడని కూరను ముట్టేది కాదు. అన్నం చేత్తో కలిపితే ఎంత తిన్నదీ లెక్క తెలియదని స్పూనుతో లెక్కపెట్టి తినేది. పెళ్లిళ్లకు రావడం మానేసింది. స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లి, కేకు ముక్క నోట్లో పెట్టారని ఏడుస్తూ తిరిగొచ్చింది. అప్పుడు కూడా నేను ఆ స్నేహితురాళ్లనే తప్పుపట్టాను.

మన ఇళ్లలో ఈ జబ్బు దాక్కోవడానికి చోట్లు ఎక్కువ. శనివారం ఒక్కపూట, ఏకాదశి ఉపవాసం, కార్తీక సోమవారాలు, ఆ పైన పరీక్షల ముందు మొక్కు అని ఆమె చెప్పిన ప్రతి సాకూ మాకు భక్తిగా కనిపించింది. మా అత్తగారే మొదట అనుమానించారు. 'ఏకాదశి చేసినవాళ్లు ద్వాదశి పొద్దున పారణ చేయాలి, ఇది పారణ చెయ్యదేమే' అని ఆవిడ ఒకరోజు అడిగారు. చదువురాని ఆ ముసలావిడ పట్టుకున్న సూత్రం, డిగ్రీలున్న నాకూ, తర్వాత మేము కలిసిన ఇద్దరు వైద్యులకూ దొరకలేదు.

ఆ వైద్యుల సంగతి కూడా చెప్పాలి, పేర్లు అనవసరం. నెలసరి ఆగిపోయి అయిదు నెలలైందని ఒకరి దగ్గరకు తీసుకెళ్లాను. స్కానింగ్ చూసి, ఇది పీసీఓడీ, అంటే అండాశయాల్లో చిన్న తిత్తులు కనిపించే సమస్య అయ్యుంటుందనీ, ఈ వయసు పిల్లల్లో మామూలేననీ, కాస్త తిండి తగ్గించి వ్యాయామం చేయమనీ చెప్పారు. ఆ గదిలో బరువు తూచే యంత్రం ఉంది. దాని మీద ఎవరూ ఆమెను నిలబెట్టలేదు. ఆరు నెలల క్రితం ఎంత ఉన్నావు, ఏం తింటున్నావు అని అడగలేదు. తిండి చాలకపోతే దేహం ముందుగా ఆపేసే పనుల్లో నెలసరి ఒకటని నేను పాఠంలో చెప్పే విషయమే, అయినా నాకూ ఆ క్షణాన స్ఫురించలేదు. ఆ రోజు ఆటోలో ఆమె ముఖంలో చాలాకాలం తర్వాత ఒక వెలుగు చూశాను. డాక్టరే తగ్గించమన్నారు కదమ్మా అంది.

రెండో వైద్యుడు రక్తపరీక్షలు రాశారు. రిపోర్టులన్నీ మామూలుగా ఉన్నాయి, నీరసం తప్ప ఏమీ లేదన్నారు. ఆకలితో ఉన్న దేహం చాలాకాలంపాటు రక్తంలోని కొలతలను కాపాడుకుంటూ వస్తుందనీ, అందుకే రిపోర్టులు బాగున్నంత మాత్రాన మనిషి బాగున్నట్టు కాదనీ మాకు తెలిసేసరికి ఇంకా మూడు నెలలు గడిచాయి. ఈలోగా లక్షణాలన్నీ మా కళ్లముందే ఉన్నాయి. మే నెల ఎండల్లో ఫ్యాను కట్టేయమనేది, స్వెట్టర్ వేసుకునేది. దువ్వెన నిండా వెంట్రుకలు ఊడిపోతుంటే, మరోవైపు చేతుల మీద, వీపు మీద పసిపిల్లలకు ఉండేలాంటి సన్నని నూగు మొలిచింది; కొవ్వు కరిగిపోయిన దేహం చలికి ఆగలేక కప్పుకునే దుప్పటి అది. రెండు-ఆరు సైజు గాజులు వేసుకునే పిల్ల రెండు-రెండుకు వచ్చింది. ఆ గాజులను రోజుకు ఎన్నిసార్లు మోచేతి దాకా జరిపి చూసుకునేదో, అది ఆట కాదనీ కొలత అనీ మానసిక వైద్యుడు చెప్పేదాకా తెలియలేదు. చివరకు ఒక ఉదయం స్నానాలగదిలో పడిపోయింది. నాడి నిమిషానికి యాభై కూడా కొట్టుకోవడం లేదని ఆ రోజు చేర్చుకున్న ఆసుపత్రిలో చెప్పారు.

ఆమె కేసు కాగితాల మీద రాసింది మాత్రం ఆర్థోరెక్సియా కాదు, అనొరెక్సియా నెర్వోసా, అంటే లావవుతానన్న భయంతో తిండి తగ్గించుకుంటూ ప్రమాదకరంగా చిక్కిపోయే మానసిక జబ్బు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన మానసిక వ్యాధుల వర్గీకరణలో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితాలో గానీ ఆర్థోరెక్సియా ఇంకా విడి జబ్బుగా చేరలేదు. 'నేను సన్నబడాలని చేయలేదు, శుభ్రమైన తిండి తినాలనుకున్నాను, అంతే' అని మా అమ్మాయి మొదటి వారాల్లో అందరితోనూ వాదించింది. అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదని నెమ్మదిగా బయటపడింది. శుద్ధమైన ఆహారం అన్న మాట ముందు నడుస్తుంటే, దాని కొంగు పట్టుకుని లావవుతానన్న భయం వెనక వచ్చింది. ఏది ఎక్కడ మొదలైందో ఆమే చెప్పలేకపోయింది. రెండూ ఇలా కలగలిసిపోయినవాళ్లు చాలామంది ఉంటారని, ఆరోగ్యం అనే మాట ఇంట్లోవాళ్ల నోరు కట్టేస్తుంది గనుక అలాంటివాళ్లు ఆలస్యంగా వైద్యానికి వస్తారని మానసిక వైద్యుడు చెప్పారు.

ఫోన్లు వచ్చి పిల్లలను పాడుచేశాయనే వాదన ఇక్కడ ఎవరైనా ఎత్తుతారు. 2025 మార్చిలో కేరళలో ఒక యువతి ఈ జబ్బుతోనే చనిపోయిన వార్త వచ్చినప్పుడు మా కళాశాలలో అందరూ దాన్ని యూట్యూబ్ పిచ్చిగానే మాట్లాడుకున్నారు. కానీ అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు లండన్ వైద్యుడు విలియం గల్ పెట్టినది, 1873 నాటిది. అప్పుడు వీడియోలు లేవు. ఈ జబ్బు ఎవరికి వస్తుందన్నదానిలో వంశపారంపర్య స్వభావానికీ, పట్టుదలా భయమూ ఎక్కువగా ఉండే మనస్తత్వానికీ వాటా ఉంది. బయటినుంచి వచ్చే చిత్రాలు దానికి గాలి విసురుతాయి. ఫిజీ దీవుల అనుభవం నాకు ఈ విషయంలో మరపురానిది. అక్కడి సమాజంలో నిండైన దేహానికే గౌరవం. ఒకప్పుడు మన ఊళ్లలో 'ఒళ్లు చేశావు' అన్నది మెచ్చుకోలు మాట అయినట్టే. 1995లో అక్కడి ఒక ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన ఆన్ బెకర్ ఆ ఏడాదీ, మళ్లీ 1998లోనూ అక్కడి బడిపిల్లలను పరిశీలించారు. తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి ఉన్న ఆడపిల్లలు మొదట నూటికి 13 మంది కాగా, మూడేళ్లకు 29 మంది అయ్యారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకునేవారు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్లకు నూటికి 11 మంది ఉన్నారు. మనకు టెలివిజన్ ఎప్పుడో వచ్చింది. 'సన్నగా, తెల్లగా, పొడుగ్గా' అన్న పెళ్లి ప్రకటనలు దానికంటే ముందునుంచే మీ పత్రికలతో సహా అన్నిట్లోనూ ఉన్నాయి. మగపిల్లలకూ ఇప్పుడు వేరే రూపంలో ఇదే వచ్చింది. కండలు చాలలేదని అద్దం ముందు కుమిలిపోతూ, డబ్బాల కొద్దీ ప్రొటీన్ పొడి తాగుతూ, ఇంటి భోజనాన్ని అసహ్యించుకునే అబ్బాయిలు నా తరగతిలోనే ఉన్నారు. వాళ్ల తల్లులు కూడా ప్రస్తుతానికి గర్వపడుతున్నారు.

ఇంతకంటే నన్ను ఆలోచింపజేసినది మరొకటి ఉంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను చదివిన వాటిలో, రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త జరిపిన ప్రయోగం ఒకటి. మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధానికి వెళ్లనన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తమంతట తాము ఒప్పుకుని 24 వారాలపాటు అర్ధాకలితో ఉన్నారు. వాళ్లలో ఎవరికీ సన్నబడాలన్న కోరిక లేదు. అయినా కొద్ది వారాల్లోనే తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసి చదివారు, ఉన్న కాస్త భోజనాన్నీ గంటలకొద్దీ సాగదీసి తిన్నారు, పళ్లేలు నాకారు, చలికి వణికారు, స్నేహితులను దూరం పెట్టారు, దిగాలుపడిపోయారు. అది చదువుతుంటే మొన్నటి సంక్రాంతి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఆ పండక్కి మా అమ్మాయి పాకం తానే పట్టి, అరిసెలు తానే వేయించి, చెక్కల మధ్య నూనె తానే ఒత్తి, డబ్బాలు నింపి, వీధంతా పంచి, తినేవాళ్ల ముఖాల్లోకి కన్నార్పకుండా చూసింది. ఒక్క అరిసె నోట పెట్టలేదు. వంటంటే ఎంత ఇష్టమో అని బంధువులు మురిసిపోయారు. రాత్రిళ్లు ఆమె ఫోనులో చూసేవన్నీ వంటల వీడియోలే. మొండితనం, అబద్ధాలు, చిరాకు, ఏకాంతం అని మేము ఆమె స్వభావానికి అంటగట్టినవాటిలో చాలా భాగం కేవలం ఆకలి. అందుకే ముందు తిండి పెట్టాలి, మాటలు తర్వాత అని ఆ వైద్యుడు మొదటి రోజే చెప్పారు.

అలాగని నేననుకున్నట్టు వెంటనే నెయ్యీ పప్పన్నమూ పెట్టనివ్వలేదు. చాలాకాలం పస్తున్న మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉందట. యుద్ధ శిబిరాల నుంచి విడుదలైన ఖైదీల్లో కొందరు కడుపునిండా తిని అలాగే చనిపోయారట. రోజూ రక్తం పరీక్షిస్తూ, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయారు. ఇంటికి వచ్చాక అసలు పని మా మీద పడింది. ఏం తినాలో, ఎంత తినాలో కొంతకాలంపాటు నిర్ణయం ఆమెది కాదు, మాది. మూడు పూటల భోజనం, మధ్యలో చిరుతిండి, ఒకరం తప్పకుండా ఎదురుగా కూర్చోవడం, వాదించకపోవడం, బెదిరించకపోవడం, లేచిపోనివ్వకపోవడం. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది అని చెప్పారు. మా ఇంట్లో మాత్రం అది పందొమ్మిదేళ్ల పిల్లకు మళ్లీ గోరుముద్దలు పెట్టడంగా మారింది. ఒక ఇడ్లీ ముగియడానికి గంటన్నర పట్టిన రోజులున్నాయి. వాళ్ల నాన్నగారు ఆ గంటన్నరా పాత క్రికెట్ మ్యాచ్‌లు వర్ణించి చెప్పేవారు. నేను సెలవు పెట్టాను, జీతం నష్టంతో. అది పెట్టగలిగే స్తోమత లేని ఇళ్ల సంగతి తలుచుకుంటే భయమేస్తుంది.

నేను ఊబకాయాన్ని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది అధిక బరువుతో ఉన్నారు. మా ఇంట్లోనే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఇద్దరు. బరువు గురించి పత్రికలు రాయకూడదని నేననను. కానీ అదే సర్వేలో రెండు రాష్ట్రాల స్త్రీలలోనూ సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఒకే పేజీని షుగర్ ఉన్న తండ్రీ, పస్తులుంటున్న కూతురూ చదువుతారు. ఆయనకు మందైన మాట ఆమెకు విషం కావచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో మొదటినుంచీ కనిపించేది రకరకాల ఆహారం కలిపి తినమన్న మాటే. ఫలానాది మానేయండి అన్న నిషేధానికి ఉన్నంత ఆకర్షణ ఆ మాటకు లేదు కాబోలు, దాన్ని పెద్ద అక్షరాల్లో నేనెక్కడా చూడలేదు.

మీ పత్రికను నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. బరువు తగ్గినవారి కథలు వేసినప్పుడు కిలోలను, రోజులను శీర్షికకు ఎక్కించకండి. గ్రాముల పట్టికలు, 'అప్పుడు', 'ఇప్పుడు' ఫొటోలు తీసేయండి. వాటిని తీసేసినా ఆ మనిషి పడిన శ్రమ పాఠకుడికి అర్థమవుతుంది. ఒక పదార్థాన్ని పూర్తిగా మానేయమనే వ్యాసం రాసినవారికి ఏ అర్హత ఉందో దాని కిందే వేయండి. నెలసరి ఆగడం, చలికి ఆగలేకపోవడం, జుట్టు రాలడం, అందరితో కలిసి తినడానికి వెనకాడటం, వండి పెట్టడమే తప్ప తినకపోవడం కనిపిస్తే మానసిక వైద్యుడిని కూడా కలవాలని నాలుగు వాక్యాలు ఆ పేజీలోనే వేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరు మాకు ఆసుపత్రి గోడ మీద కనిపించింది. అంతకు ఏడాది ముందు ఆదివారం పుస్తకంలో కనిపించి ఉంటే, మడి అని గుర్తుపట్టలేకపోయినా, కనీసం ఫోన్ చేసి అడిగేదాన్ని.

ఈ ఉత్తరం పంపేముందు మా అమ్మాయికి చూపించాను, ఆమె అనుమతి లేకుండా పంపడం సరికాదు గనుక. ఆమె మొత్తం చదివి ఒకే ఒక్క వాక్యం కొట్టేసింది. ఆసుపత్రిలో చేర్చిన రోజున ఆమె బరువు ఎన్ని కిలోలో నేను రాసిన వాక్యం అది. ఎంత ప్రమాదంలో పడ్డావో చదివేవాళ్లకు తెలియాలి కదా అన్నాను. 'చదివేవాళ్లలో నాలాంటిది ఒకతి ఉంటే, ఆ అంకె దానికి ప్రమాదంలా కనిపించదమ్మా. దానికంటే ఒక కిలో తక్కువకు రావాలనుకుంటుంది' అంది. అందుకే ఈ ఉత్తరంలో ఆమె బరువు ఎక్కడా లేదు.

నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక తల్లి, జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
గుంటూరు జిల్లా